మేడ మీద పాప

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, ఆ సామెత అచ్చంగా మన రాకెట్ మాస్టారి కోసమే పుట్టినట్టుంటుంది. బయట కనిపిస్తే చాలు, జనం ఫోన్లు పైకెత్తి ఫొటోల కోసం ఎగబడతారు. భూమి చుట్టూ నూట అరవై ఎనిమిది రోజులు తిరిగి వచ్చిన మనిషి, ఆ మాత్రం ఎగబడటంలో తప్పేముంది? ఇంటికొస్తే మాత్రం రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక కుర్చీలో ఉతికిన బట్టలు, ఇంకో కుర్చీలో ఆయన. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఆ ఇంట్లో వినిపించే మనిషి గొంతు రేడియోలోదే.

ఆయనకు అరవై ఆరేళ్ళు. పైనుంచి దిగి వచ్చాక పన్నెండేళ్ళు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఉపగ్రహం కింద పడకుండా ఎలా తిరుగుతుందో, వేగంలో ఎంత తేడా వస్తే ఎవరి కొంప మునుగుతుందో బోర్డు నిండా గీసి చెప్పేవారు. రాకెట్ మాస్టారు అన్న పేరు అక్కడి పిల్లలు పెట్టిందే. రిటైరయ్యాక ఇక ఉపన్యాసాలే ఉపన్యాసాలు. స్కూళ్ళు పిలిచాయి, కంపెనీలు పిలిచాయి, ఆఖరికి ఒక పరుపుల షాపు వాళ్ళు కూడా పిలిచారు, బరువు లేకుండా నిద్రపోవడం ఎలా ఉంటుందో చెప్పమని. వెళ్ళి చెప్పి వచ్చారు. వెళ్ళకపోతే ఆ పూటంతా ఇంట్లో ఏం చేస్తారు? భార్య పోయి మూడేళ్ళయింది. కూతురు మాట్లాడటం మానేసి కూడా సరిగ్గా మూడేళ్ళే.

ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, పైన ఒంటరిగా అనిపించలేదా సార్ అని. ఆయనకు నవ్వొస్తుంది. పైన ఆరుగురు మనుషులు, మోచేతులు మోచేతులు రాసుకుంటూ, ఒకరి గురక ఒకరికి వినిపిస్తూ ఉండేవాళ్ళు. ఒంటరితనం సంగతి తెలియాలంటే భార్య లేని ఇంట్లో కంచం కడగడానికి బద్ధకించి గిన్నెలోనే తినేస్తూ, గోడమీద గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోవాలి. ఆ మాట సభలో చెప్పరు. చెబితే ఎవరు చప్పట్లు కొడతారు?

కూతురు ఎందుకు మాట్లాడదో తెలియాలంటే ఆయన ఉపన్యాసం సంగతి ముందు తెలియాలి. మొత్తం గంట. రాకెట్ లేచేటప్పుడు గుండెల మీద పడే బరువు, నీళ్ళు గోళీల్లా గాల్లో తేలడం, మరుగుదొడ్డి అవస్థలు, ఇవన్నీ ముప్పావుగంట. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. చివరి పావుగంటకు ఆయన గొంతు తగ్గిస్తారు. ఆ రోజు మా పాప పదో పుట్టినరోజు అని మొదలెడతారు. అంతరిక్షంలో తాముండే స్టేషన్‌లోంచి ఇంటికి ఫోన్ చేశారట. పాప ఎత్తిందట. "నాన్నా, అక్కణ్ణించి మన ఇల్లు కనిపిస్తుందా?" అని అడిగిందట. కనిపించదు తల్లీ, చాలా దూరం అన్నారట. "అయితే నేను మేడెక్కి చెయ్యి ఊపుతాను. నువ్వు కూడా ఊపు. కనిపించకపోతేనేం, ఇద్దరం ఊపుకున్నట్టే కదా!" అందట. ఇక్కడ మాస్టారు వేదిక మీద చెయ్యెత్తి మెల్లగా ఊపుతారు. హాలు హాలంతా లేచి చేతులూపుతుంది. ముందు వరసలో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నాలుగు వందల పైచిలుకు సభల్లో ఆ చోట ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

బాగుంది కదూ? బాగుంటుంది మరి. అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అన్నారా? ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా పాప అనలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఈ కథలో అందరికంటే లోకువైపోయింది కూతురే. కథ ముందు పత్రికకెక్కింది. తర్వాత పిల్లల పాఠ్యపుస్తకంలోకెక్కింది, బొమ్మతో సహా. బొమ్మలో పాపకు రెండు జడలు. అసలు పాపకు ఆ వయసులో జడలే లేవు, నున్నగా క్రాపు. ఆ పిల్ల పెరిగి, చదివి, లెక్కల టీచరైంది. ఎక్కడికి వెళ్ళినా మేడ మీద పాప మీరేనటగా అనేవాళ్ళే. స్కూల్లో వరండాలో నడుస్తుంటే వెనకనుంచి పిల్లలు చెయ్యూపి కిసుక్కుమని నవ్వేవాళ్ళు. నేనలా అనలేదు అంటే ఎవరు నమ్ముతారు? పుస్తకంలో ఉందిగా.

తల్లి పోయిన రోజు ఇంటినిండా జనం. ఎవరో పెద్దమనిషి, మాస్టారితో పనిచేసినవాడే, ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేసి, "ఏడవకమ్మా. మీ నాన్న అప్పుడు పైనుంచి చెయ్యూపాడు కదా, ఇప్పుడు మీ అమ్మ కూడా పైనుంచి ఊపుతూనే ఉంటుంది" అన్నాడు. ఓదార్పేనండీ, కాదనను. ఆ అమ్మాయి మాత్రం ఏడుపు ఆపేసి తలెత్తి, "ఆయన నాకు ఫోనే చెయ్యలేదండీ" అంది, వాకిట్లో నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించేలా. మాస్టారు అక్కడే ఉన్నారు. తల దించుకున్నారే తప్ప అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పనులన్నీ అయ్యాక కూతురు బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. అంతే, మళ్ళీ గడప తొక్కలేదు.

అలాంటిది, ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"నేను" అంది.

ఎవరు అని అడగక్కర్లేని గొంతు. మాస్టారు బట్టలున్న కుర్చీలోనే కూలబడ్డారు.

"చెప్పమ్మా."

"మా స్కూల్లో సైన్స్ డే. నిన్ను పిలుస్తారట. వద్దని చెప్పాను, వినలేదు. మా హెడ్మాస్టరు రేపో ఎల్లుండో ఫోన్ చేస్తారు."

"నీకిష్టం లేకపోతే రాను తల్లీ. ఒంట్లో బాగాలేదంటాను."

"నువ్వు మానేస్తే నేనే ఆపానంటారు. రా. నీ రాకెట్లూ గ్రహాలూ ఏం చెప్పుకుంటావో చెప్పుకో. ఆ మేడ కథ మాత్రం నా పిల్లల ముందు చెప్పకు."

"చెప్పను."

"చెప్తే ఇంక నీకూ నాకూ ఏమీ లేదు నాన్నా. బెదిరిస్తున్నాననుకోకు. నాకు ఓపిక లేదు, అంతే." పెట్టెయ్యబోయి, మళ్ళీ అందుకుంది. "ప్రోగ్రామయ్యాక నాకో పీరియడ్ ఖాళీ. స్టాఫ్ రూంలో ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. మాస్టారు మాత్రం చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు. నాన్నా అంది. మూడేళ్ళ తర్వాత నాన్నా అంది. స్టాఫ్ రూంలో ఉంటానంది. ఉంటాను అంటే వచ్చి కూర్చోమనేగా? ఆయన ఆ రాత్రి కంచంలో వడ్డించుకుని తిన్నారు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి అసలు తిప్పలు. మేడ కథ తీసేస్తే చివరి పావుగంటలో ఏం చెప్పాలి? ఫ్రిజ్ ముందు నిలబడి ప్రాక్టీసు చేశారు. స్టేషన్‌లో పెంచిన మొక్కల సంగతి చెప్పి చూశారు, ఆయనకే ఆవులింత వచ్చింది. కింద దిగాక నడక మళ్ళీ నేర్చుకోవడం చెప్పి చూశారు. బాగానే ఉంది, మూడు నిమిషాల్లో అయిపోయింది. నూట అరవై ఎనిమిది రోజులు పైన ఉన్నాను, చెప్పుకోవడానికి నాదంటూ ఇంతేనా అనిపించింది. భయం కూడా వేసింది. ఆ అబద్ధం మీద ఎన్నేళ్ళుగా ఆనుకుని నిలబడ్డారో అప్పటిదాకా ఆయనకు తెలియదు. ఆఖరికి, ఆ పావుగంటా పిల్లల ప్రశ్నలకు వదిలేస్తే పోలా అని సర్దుకున్నారు. తప్పించుకునే తోవ దొరికిందని చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

సైన్స్ డే రానే వచ్చింది. స్కూలు గేటు దగ్గరే హెడ్మాస్టరు ఎదురొచ్చారు. మనిషి మంచివాడే, ఉత్సాహం మాత్రం మోతాదు మించినవాడు. ముందు తన గదిలోకి తీసుకెళ్ళి గోడకున్న పెద్ద ఫొటో చూపించారు. నల్లని సముద్రం మధ్య అగ్నిపర్వతం, నోట్లోంచి బూడిద రంగు పొగ గొడుగులా విచ్చుకుని. మాస్టారు పైనుంచి తీసిన ఫొటోల్లో అంత పేరొచ్చింది ఇంకోటి లేదు.

"కింద ఒక సంతకం సార్" అన్నారు హెడ్మాస్టరు. మాస్టారు ఆ ఫొటోకేసి సరిగ్గా చూడకుండానే సంతకం గీకారు.

"మా పిల్లలకి రెండు రోజులుగా రిహార్సల్ చేయిస్తున్నాను సార్. మీరు చెయ్యెత్తడమే ఆలస్యం, ఆరు వందల చేతులు ఒక్కసారి లేస్తాయి. ఒక్కడు కూడా తప్పడు!"

మాస్టారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "ఆ కథ ఈసారి వద్దనుకుంటున్నానండీ."

"భలేవారే! పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళా సార్?" అని హెడ్మాస్టరు పకపకా నవ్వి ఆయన్ని భుజం పట్టుకుని గ్రౌండ్‌లోకి నడిపించారు.

టెంటు వేశారు. నేలమీద జంపఖానాలు, వాటి మీద ఆరు వందల మంది పిల్లలు, గోల. వేదిక వెనక బ్యానర్ మీద మళ్ళీ ఆ రెండు జడల పాపే, మేడతో సహా. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది మాస్టారి పని. కూతురు ఎక్కడుందా అని వెతికారు. చివర్న తొమ్మిదో తరగతి వరస పక్కన, టెంటు గుంజకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చిక్కింది. కళ్ళజోడు పెట్టుకుంది. కూతురికి కళ్ళజోడు వచ్చిందన్న సంగతి కూడా తెలియని తండ్రి, ఆరు వందల మంది పిల్లలకు విశ్వం గురించి చెప్పడానికి లేచి మైకు పట్టుకున్నారు.

ముప్పావుగంట బాగానే నడిచింది. మరుగుదొడ్డి దగ్గర పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. కూతురు నవ్వలేదు, అలా అని కదలనూ లేదు. ఇంక గండం గడిచింది అనుకుని మాస్టారు, "ఇప్పుడు మీరు ప్రశ్నలడగండి" అన్నారు.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పాప లేచి, "మేడ కథ చెప్పలేదు!" అంది. అదే అదనుగా పక్కవాళ్ళందుకున్నారు. నిమిషంలో టెంటంతా మేడ కథ, మేడ కథ అని ఒకటే అరుపులు. హెడ్మాస్టరు పక్కనుంచి కళ్ళతోనే కానివ్వండి అంటున్నారు. మాస్టారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏం జరగబోతోందో తనకు ముందే తెలుసన్నట్టు కూతురు కట్టుకున్న చేతులు విప్పి, ఇటు వీపు తిప్పి, స్కూలు బిల్డింగు మెట్లవైపు నడవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పోతే ఇక రాదు. ఆ సంగతి మాస్టారికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"అది అబద్ధం" అన్నారు మైకులో.

గోల ఆగలేదు. ఆయన గొంతు పెంచారు. "అబద్ధం పిల్లలూ! ఆ కథ అబద్ధం! మాకు మేడే లేదు. మేం కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పైకెళ్ళే మెట్లకి ఇంటివాళ్ళు తాళం వేసుకునేవాళ్ళు."

ఇప్పుడు ఆగింది. హెడ్మాస్టరు నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మాస్టారు ఇంకెవర్నీ చూడలేదు.

"పుట్టినరోజు నిజం. మా అమ్మాయికి పదేళ్ళు నిండాయి. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తానని మాటిచ్చాను. వాళ్ళమ్మ నర్సు, ఆస్పత్రిలో డ్యూటీ. పిల్ల ఒక్కతే ఇంట్లో కూర్చుంది. నేను ఫోన్ చేశాను. అదీ నిజమే."

మెట్ల దగ్గర కూతురు ఆగింది. తిరగలేదు.

"పైనుంచి ఫోన్ చేస్తే మన గొంతు ఉపగ్రహాల మీదుగా చుట్టు తిరిగి కిందికి దిగుతుంది. రెండు మూడు సెకన్లు పడుతుంది. ఎత్తినవాళ్ళకి ముందు ఏమీ వినపడదు, ఎవరో ఆకతాయిలనుకుని పెట్టేస్తారు. అందుకని అక్కడ మాకో పద్ధతుండేది. అవతల ఇంకా గంట మోగుతుండగానే మాట్లాడటం మొదలెట్టెయ్యాలి. నేను, నేను, పెట్టెయ్యకు అని గోడకి చెప్పుకున్నట్టు చెప్తూనే ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళు చెప్పే మొదటి పాఠం అదే. నాకూ చెప్పారు. ఆ రోజు నేను వినలేదు. మా అమ్మాయి హలో అంటుంటే వినాలనిపించింది. అది విన్నాకే మాట్లాడదామని నోరు మూసుకుని ఆగాను. హలో అంది. ఇంకోసారి హలో అంది. అప్పుడు మాట్లాడాను. నా మాట కిందికి దిగేలోపు పెట్టేసింది."

ఎప్పుడూ అలవాటుగా ఆగే చోట ఆగి, జనం నిట్టూర్పు కోసం చూసే మనిషి. ఈసారి ఆగలేదు. ఆగితే మిగతాది చెప్పలేనని ఆయనకు తెలుసు.

"ఇంతవరకూ అయితే ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. సిగ్నల్ ఇంకా పదకొండు నిమిషాలుంది పిల్లలూ. మళ్ళీ చెయ్యొచ్చు. నాలుగుసార్లు చెయ్యొచ్చు. అప్పుడే కిటికీ కిందికి అగ్నిపర్వతం ఒకటి వస్తోంది, పొగ కక్కుతూ. కెమెరా చేతికందేంత దూరంలో ఉంది. ఫొటో తీసుకుని చేద్దాంలే, పిల్లదేముంది, ఇంట్లోనే ఉంటుందిగా అనుకున్నాను. మీ హెడ్మాస్టరుగారి గదిలో ఉందే, అదే ఆ ఫొటో. అది తీసేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి నా డ్యూటీ మొదలైంది. ఆ రోజు భూమి చుట్టూ పదహారుసార్లు తిరిగాను. పదహారు! ఇంకోసారి ఆ నంబరు నొక్కలేదు. వారం తర్వాత మాట్లాడినప్పుడు సిగ్నల్ దొరకలేదు తల్లీ అన్నాను. సరే నాన్నా అంది."

 ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"కిందికొచ్చాక మొదటి సభలో ఎవరో అడిగారు, పైనుంచి ఇంటికి ఫోన్ చేసేవారా అని. నోరు తెరిచాను, ఆ కథ వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఇంక వదల్లేదు. మా అమ్మాయి నాకెప్పుడూ చెయ్యూపలేదు. ఆ పిల్ల అనని మాటలు ఆ పిల్ల నోట్లో పెట్టి నేను ఇన్నేళ్ళు దండలు వేయించుకున్నాను. మీ పుస్తకంలో ఉన్న పాప ఎవరో నాకు తెలీదు. మీ లెక్కల టీచరు మాత్రం కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తారు.

ఎత్తకుండా ఉండాల్సింది. రెండు రోజుల రిహార్సల్ మరి, ఎక్కడికి పోతుంది? ముందు చిన్నపిల్లలు, వాళ్ళను చూసి పెద్దపిల్లలు, ఆరు వందల చేతులూ ఒక్కసారి గాల్లోకి లేచి ఊగాయి. ఒక్కరు కూడా తప్పలేదు. హెడ్మాస్టరు "ఆపండి, ఆపండి!" అని అరుస్తున్నా ఆగలేదు. ఆ చేతుల వెనక మాస్టారికి మెట్లు కనిపించలేదు. చేతులు దిగేసరికి అక్కడ కూతురు లేదు.

తర్వాత ఎవరో పాట పాడారు, ఎవరో శాలువా కప్పారు. హెడ్మాస్టరు ఆయన మొహం చూడకుండా జ్ఞాపిక ఇచ్చి, మిమ్మల్ని దింపడానికి కారు సిద్ధంగా ఉంది అన్నారు. మాస్టారు కారు దగ్గరికి వెళ్ళలేదు. స్టాఫ్ రూం ఎటు అని అడిగి మెట్లెక్కారు. ఉండదేమో అనుకుంటూనే ఎక్కారు. ఉంటే ఏం మాట్లాడాలో కూడా తెలియదు. 

ఉంది. పొడుగాటి బల్ల చివర నోటు పుస్తకాల దొంతర ముందు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. తలెత్తకుండానే "కూర్చో" అంది. మాస్టారు శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె ఒక పుస్తకం దిద్దింది. ఇంకోటి తీసి తెరిచి, అలాగే ఉంచేసింది.

"ఆ ఫోన్ నువ్వా?" అంది.

"నేనేనమ్మా."

"ఎవరో రాంగ్ నంబరనుకున్నాను."

"నీ తప్పేం లేదు తల్లీ. నేనే ముందు…"

"నా తప్పని నేనన్నానా?" అని కసిరింది. కసిరి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. "టక్కున పెట్టేశాను. ఎందుకో తెలుసా? లైను బిజీగా ఉంటే నీ ఫోన్ కలవదని. అంతకుముందు అమ్మ డ్యూటీలోంచి చేస్తే అమ్మని కూడా తిట్టాను, నాన్న చేసే టైమైంది, పెట్టెయ్ అని. పక్కింటి పిన్ని చేస్తే హలో కూడా అనకుండా పెట్టేశాను. నీ కోసం లైను ఖాళీగా ఉంచాలని, నీ ఫోనే పెట్టేశాను నాన్నా."

మాస్టారికి ఏడుపొచ్చింది. శాలువా అంచుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎప్పటికో, "ఎంతసేపు కూర్చున్నావు?" అని మాత్రం అడగగలిగారు.

"అమ్మ వచ్చేదాకా. ఎనిమిదైంది. బాత్రూంకి కూడా వెళ్ళలేదు, వెళ్తే ఆ కాస్తలోనే మోగుతుందేమోనని." కిటికీకేసి చూస్తూ చెప్పింది. "పదకొండు నిమిషాలు."

"అవునమ్మా."

"నేను రెండోసారి హలో అన్నాక మాట్లాడానన్నావు కదా. ఏమన్నావు?"

"ఆఁ?"

"నా దాకా రాలేదుగా ఆ మాట. ఏమన్నావో చెప్పు."

మాస్టారు నోరు తెరిచారు. నాన్నా, అక్కణ్ణించి మన ఇల్లు కనిపిస్తుందా… అదే వచ్చింది నోటిదాకా. ఛీ అనుకుని దాన్ని తోసేసి వెనక్కి వెతికారు. అగ్నిపర్వతం పొగ ఏ వైపుకు వాలిందో గుర్తుంది. కెమెరా లెన్సు ఎంతదో గుర్తుంది. పక్కనే నిద్రపోతున్నవాడి గురక గుర్తుంది. రెండు హలోలూ చెవిలోనే ఉన్నాయి, రెండోది కొంచెం విసుగ్గా అంది. ఆ తర్వాత తన నోట్లోంచి వచ్చిన మాట మాత్రం లేదు. ఎంత తడిమినా లేదు. పుట్టినరోజు కదా, ఆ ముక్కేదో అని ఉంటారు. బంగారుతల్లీ అని ఉంటారా? నాలుగు వందలసార్లు ఆ చోట అబద్ధం పోసి పోసి నింపేశారు, కింద ఉన్న అసలు మాట ఎప్పుడు పోయిందో కూడా ఆయనకు తెలియలేదు.

ఆమె ఆయన నోటికేసే చూస్తోంది. పదేళ్ళ పిల్ల చూసినట్టే చూస్తోంది. అప్పుడు మాస్టారి నాలుక దాని పని అది చేసుకుపోయింది. వాక్యం దానంతటదే తయారై వచ్చేసింది: నీ హలో వినడానికే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది తల్లీ, అన్నాను. ఎంత బాగుందో! ఏ హాల్లో చెప్పినా ఏడుస్తారు. ఈ బల్ల దగ్గర చెప్పినా ఏడుస్తుంది, లేచి వచ్చి పక్కన కూర్చుంటుంది, బహుశా ఈ ఆదివారం ఇంటికి కూడా వస్తుంది. కాదనడానికి సాక్ష్యం ఎవరున్నారు? మాట నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. మాస్టారు దాన్ని మింగారు. మింగడానికి చాలాసేపు పట్టింది.

"గుర్తులేదమ్మా" అన్నారు.

 బయట బెల్లు కొట్టారు, వరండాలో పిల్లల పరుగులు మొదలయ్యాయి. ఆమె లేచి నోటు పుస్తకాలు ఒక్కొక్కటీ సర్దుకుని గుండెలకు హత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది.

"ఇది నమ్ముతాను" అని, క్లాసుకి వెళ్ళిపోయింది.